వానాకాలం నిలబెట్టిన చైన్ ట్రాక్టర్‌కి స్టీరింగ్ క్లచ్‌లు పట్టేస్తే

అడిగిన సంగతి ఇదీ. భీమవరం వైపు చేపల చెరువులు తవ్వే పాత చైన్ ట్రాక్టర్ (డోజర్), డ్రై క్లచ్ బండి, అంటే క్లచ్ ప్లేట్లు నూనెలో మునగకుండా పొడిగా తిరిగేది. రెండు పక్కలా ఒక్కో స్టీరింగ్ క్లచ్ ఉంటుంది, ఏ పక్క లివర్ లాగితే ఆ పక్క చైనుకి ఇంజన్ శక్తి ఆగి బండి అటు తిరగాలి. ఎండాకాలం పని అయిపోయాక చెరువు గట్టు మీదే వదిలేశారు. వానలు పోయాక తీస్తే ఇంజన్ బాగానే అందుకుంది గానీ ఎడమ లివర్ ఎంత లాగినా బండి తిన్నగానే పోతోంది. కుడి లివర్ అసలు కదలడమే లేదు. విప్పకుండా వదిలించవచ్చా, విప్పితే ఏమేం చూడాలి, ఈ సీజను దాకా బ్రేకులతో నెట్టుకురావచ్చా అని మూడు ప్రశ్నలు.

మొదట గమనించాల్సింది, మీ బండికి రెండు వైపులా ఉన్నది ఒకే జబ్బు కాదు. ఎడమ పక్క లివర్ బరువుగా వస్తూ, చివరిదాకా వచ్చి కూడా చైను విడవడం లేదంటే ప్లేట్లు ఒకదానికొకటి పట్టేసి ఉండొచ్చు. కుడి పక్క లివరే రావడం లేదంటే అది ప్లేట్ల తప్పు కాదు. యోక్ (లివర్ లాగుడును రిలీజ్ బేరింగ్‌కి అందించే పంగ) షాఫ్టు బుష్‌లో తుప్పు పట్టిందన్నా కావాలి, రిలీజ్ బేరింగ్ (స్ప్రింగుల నొక్కును తగ్గించేది) స్లీవ్ మీద బిగుసుకుపోయిందన్నా కావాలి. ప్లేట్లు ఎంత అతుక్కున్నా స్ప్రింగులు మాత్రం నొక్కుడవుతాయి, లివర్ వస్తుంది. మూడో రకం కూడా ఉంది: లివర్ దూదిలా తేలిగ్గా వచ్చేస్తే ఎక్కడో పిన్ను ఊడింది, లేదా అడ్జస్టింగ్ రాడ్డు వదులైంది. ఈ మూడింటినీ వేరు చేసుకోకుండా స్పానర్ పట్టుకుంటే రెండు రోజులు వృథా.

వేరు చేయడానికి వెనక పై మూత తీసి లోపల చూడండి. ఒకరు లివర్ లాగుతుంటే ఇంకొకరు టార్చి వేసి ప్రెషర్ ప్లేటు (స్ప్రింగుల బలంతో మిగతా ప్లేట్లను నొక్కి ఉంచేది) ఎంత జరుగుతోందో స్కేలుతో కొలవాలి. ప్లేటు పూర్తిగా జరిగి కూడా డ్రమ్ము విడవకపోతే తప్పు ప్లేట్లది. సగమే జరిగితే లింకేజిది, అంటే లివర్ నుంచి క్లచ్ దాకా ఉన్న రాడ్లు, పిన్నులది. అసలు కదలకపోతే యోకూ బేరింగూ చూడాలి. ఇంకో పరీక్ష: ఇంజన్ ఆపి, బండిని ఒకటో గేరులో ఉంచి, ఆ పక్క చైను నేలను తాకకుండా పైకి లేపి, లివర్ లాగి పట్టుకుని స్ప్రాకెట్‌ను గడ్డపారతో తిప్పి చూడండి. క్లచ్ విడిస్తే తిరుగుతుంది, లేకపోతే రాయిలా నిలబడుతుంది. మన ఒండ్రు నేలలో జాకీ పెట్టిన చోట అరగంటలో దిగిపోతుంది. కింద రైలు స్లీపర్ చెక్కలు అడ్డంగా, నిలువుగా రెండు వరసలు వేసి, బండి బరువు చెక్కల దిమ్మెల మీదకు దించాకే లోపల చేయి పెట్టండి. జాకీ మీద నిలబెట్టి పని చేయొద్దు.

ప్లేట్లు ఎందుకు పడతాయో తెలిస్తే మిగతా పనికి దారి తెలుస్తుంది. గేరుబాక్సు తిప్పుడును రెండు పక్కలకీ అందించే అడ్డ కడ్డీ బెవెల్ షాఫ్టు, దాని రెండు చివర్లా ఒక్కో హబ్బు ఉంటుంది. హబ్బు పళ్లలో స్టీలు ప్లేట్లు కూర్చుంటాయి. బయటి డ్రమ్ము పళ్లలో లైనింగ్ (రాపిడితో పట్టు ఇచ్చే పొర) ఉన్న ప్లేట్లు కూర్చుంటాయి. కొన్ని మోడళ్లలో ఇది తారుమారుగా ఉంటుంది. ఒకటి విడిచి ఒకటి పేర్చిన ఈ దొంతరను స్ప్రింగులు ఎప్పుడూ నొక్కి పట్టుకుని ఉంటాయి. లివర్ లాగితే ఆ నొక్కు తగ్గుతుంది, అంతే. ప్లేట్లను ఒకదాన్నుంచి ఒకటి విడదీసే శక్తి లివర్‌లో లేదు, అవి తమంతట తామే పళ్ల మీద జారి దూరం కావాలి. ఉదాహరణకి ప్రెషర్ ప్లేటు 8 మి.మీ. జరిగిందనుకోండి, దొంతరలో 20 ముఖాలుంటే ఒక్కో సందుకు దక్కేది 0.4 మి.మీ. ముఖాల మీద తుప్పు పొక్కులు లేస్తే ఆ సందు మూసుకుపోతుంది. పళ్ల మీద తుప్పు పట్టినా, ప్లేటు పదే పదే తగిలి పంటి మీద గాడి పడినా ప్లేటు ఆ గాడిలోనే ఆగిపోతుంది, జారదు. చాలామంది ముఖాలు రుద్ది శుభ్రం చేసి పళ్లను వదిలేస్తారు. మళ్లీ పట్టేసేది ఎక్కువగా అందుకే.

మన డెల్టాలో ఈ జబ్బు ఎక్కువ కావడానికి బండి పని క్యాలెండరే కారణం. కాలువలు కట్టేసి, చెరువులు ఎండగట్టే ఎండాకాలంలోనే డోజర్‌కి చేతినిండా పని. సార్వా మొదలయ్యాక, ఆపైన అక్టోబరు, నవంబరు తుపాన్లు పోయేదాకా అది గట్టు మీదే ఉంటుంది. సరిగ్గా తేమ ఉన్న నెలల్లోనే డ్రై క్లచ్ కదలకుండా, స్ప్రింగుల నొక్కుడులో పడి ఉంటుంది. నీరు లివర్ సందుల్లోంచీ, సీటు కింది ఫ్లోర్ ప్లేటు అంచుల్లోంచీ, పై మూత గ్యాస్కెట్ చితికిన చోటునుంచీ దిగుతుంది. పైనుంచి చుక్క పడకపోయినా రాత్రి చల్లబడినప్పుడు ఇనుము లోపల చెమరుస్తుంది. రొయ్యల చెరువు ఉప్పునీరు తగిలిన బండయితే తుప్పు ఇంకా లోతుగా తింటుంది. అలాంటి బండికి కింద చెప్పే విప్పకుండా వదిలించే పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దు, నేరుగా విప్పండి.

విప్పకుండా వదిలించే పద్ధతి మీ ఎడమ పక్కకు ఒకసారి ప్రయత్నించవచ్చు. క్లచ్ గది కింద డ్రెయిన్ ప్లగ్ తీయండి. నీళ్లు వస్తే వదిలేయండి, నూనె వస్తే సీల్ కూడా పోయిందని రాసుకోండి. పై మూత తీసి రెండు ఎండలు ఆరనివ్వండి. లివర్‌ను చివరిదాకా లాగి సీటు ఫ్రేముకు నైలాన్ తాడుతో కట్టి ఒక రోజంతా అలాగే వదిలేయండి. మధ్యమధ్యలో డ్రమ్ము అంచు మీద రాగి సుత్తితోనో, చెక్క అడ్డం పెట్టి మామూలు సుత్తితోనో చుట్టూ తట్టండి. పై మూతలోంచి అందేది ఒక పక్కే కాబట్టి బండిని అడుగు ముందుకు, అడుగు వెనక్కు జరుపుతూ డ్రమ్ము తిప్పుకోవాలి. ఆ తర్వాత విశాలమైన సమనేల మీద, చుట్టుపక్కల మనుషుల్ని దూరంగా పంపి, ఇంజన్ వేడెక్కాక ఒకటో గేరు వేసి, తక్కువ ఆక్సిలేటర్‌లో, ఎడమ లివర్ లాగే ఉంచి, ఆ పక్క బ్రేకు గట్టిగా పట్టుకుని మెయిన్ క్లచ్ వదలండి. డ్రమ్మును బ్రేకు ఆపుతుంది, హబ్బును ఇంజన్ తిప్పుతుంది. మధ్యలో ఉన్న తుప్పు ఒక్క ఉదుటున విడవాలి. ముందుకు ఒకసారి, రివర్సులో ఒకసారి మార్చి మార్చి చేయండి. నాలుగైదు సార్లకు ఇంజన్ ఆగిపోతూనే ఉంటే అక్కడితో ఆపేయండి. ఆక్సిలేటర్ పెంచి గుద్దిస్తే విడిచేది క్లచ్ కాదు, బెవెల్ గేరు పళ్లు ఎగిరిపోతాయి. ఆ రిపేరు ముందు క్లచ్ ఖర్చు లెక్కలోకే రాదు.

విడిస్తే మురిసిపోయి వెంటనే పనిలో పెట్టకండి. లైనింగ్ పొడి, తుప్పు పొడి లోపలే ఉంటాయి. ప్లగ్ బిగించి గదిలో కిరోసిన్ పోసి, బండిని కాసేపు తిన్నగా నడిపి, తర్వాత లివర్లు ఒకటి తర్వాత ఒకటి లాగుతూ వదులుతూ ఐదు నిమిషాలు తిప్పి, కిరోసిన్ వంపేయండి. నల్లగా రావడం తగ్గేదాకా మళ్లీ చేయండి. మూత తీసి రాత్రంతా ఆరనివ్వాలి. ఆవిరి పోయేదాకా దగ్గర్లో బీడీ, వెల్డింగ్ ఏవీ ఉండకూడదు. పెట్రోలు వాడే ఆలోచనే వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు, పాత ఇంజన్ ఆయిల్ ప్లేట్ల మీద కొట్టమని చెప్పేవాళ్లుంటారు. లైనింగ్ ఆ నూనె పీల్చుకుంటే తుప్పు వదులుతుంది గానీ క్లచ్ జారడం మొదలవుతుంది, అప్పుడు ఎలాగూ విప్పాల్సిందే. ఆ స్ప్రేలు కుడి పక్క యోక్ షాఫ్టుకు పనికొస్తాయి. గుడ్డ అడ్డం పెట్టి, షాఫ్టు చివర్ల మీద మాత్రం కొంచెం కొంచెంగా వేస్తూ రెండు మూడు రోజులు లివర్‌ను ఇటూ అటూ ఆడించండి. లివర్‌కి పైపు తొడిగి లాగితే యోకే విరుగుతుంది. రిలీజ్ బేరింగ్ స్లీవ్ పట్టేసి ఉంటే మాత్రం విప్పక తప్పదు.

విప్పాలని నిర్ణయిస్తే రెండు పక్కలా విప్పండి. సీటు, ఫ్లోర్ ప్లేట్లు, కొన్ని మోడళ్లలో వెనకున్న డీజిల్ ట్యాంకు, పై మూత తీయడం రెండింటికీ ఒకటే పని. ఒక పక్కే చేసి మూసేస్తే రెండోది వచ్చే ఏడు మళ్లీ అదంతా తీయిస్తుంది. బండి నంబరు ప్లేటు మీది మోడలు, సీరియల్ నంబరు ముందుగానే రాసుకోండి. ఒకే మోడలు పేరుతో సీరియల్‌ని బట్టి ప్లేట్ల లెక్క మారే బండ్లు ఉన్నాయి.

బ్రేకు పట్టీ అడ్జస్టింగ్ నట్టు వదులు చేసి పట్టీని పక్కకు తప్పించాలి. గ్రీజు గొట్టం, యోక్ లింకులు విప్పాలి. హబ్బు ఎక్కడ కూర్చుందో షాఫ్టు మీదా, డ్రమ్ము మీదా సెంటర్ పంచ్‌తో గుర్తులు కొట్టుకోండి. ఫ్లేంజ్ బోల్టులు డ్రమ్ము తిప్పుకుంటూ ఒక్కొక్కటే అందుతాయి. తుప్పు పట్టిన బోల్టు తలను సరిపడని స్పానర్‌తో గుండ్రం చేశారంటే ఉలి తప్ప దారి ఉండదు, అందుకని సరైన సైజు సాకెట్ దొరికాకే మొదలుపెట్టండి. మధ్యలో షిమ్ములు, స్పేసర్లు వస్తే ఏ పక్కవి ఆ పక్క కట్ట కట్టి పెట్టండి. క్లచ్ మొత్తం మనుషులు ఎత్తే బరువు కాదు. పైన దూలానికి గానీ మూడు కాళ్ల స్టాండుకి గానీ చైన్ బ్లాక్ కట్టి తిన్నగా పైకి తీయండి. కొన్ని బండ్లలో హబ్బు షాఫ్టు మీద టేపర్‌గా బిగిసి ఉంటుంది. దానికి పుల్లర్ తప్పనిసరి. సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా బెవెల్ షాఫ్టు బేరింగులకు తగులుతుంది.

స్ప్రింగుల దగ్గర తొందర పనికిరాదు. నొక్కుడులో ఉన్న స్ప్రింగు మొహానికి తగిలితే మనిషి మిగలడు. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపులో విప్పించడం మేలు. లేకపోతే ప్రెషర్ ప్లేటు చుట్టూ సమదూరంలో మూడు పొడుగు మరల బోల్టులు వేసి, ప్లేటును వాటితో పట్టి ఉంచి, స్ప్రింగు లాకులు తీసేశాక మూడు నట్లనూ ఒక్కో చుట్టు చొప్పున వరసగా వదులు చేస్తూ రావాలి. స్ప్రింగు నొక్కు పూర్తిగా పోయిందని చేత్తో తెలిసేదాకా ఎవరూ దాని ఎదురుగా నిలబడకూడదు.

పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. కంప్రెసర్ గాలి కొట్టి ఊదడం పూర్తిగా మానండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి, ముక్కుకు సరైన మాస్కు కట్టుకోండి. మన షాపుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, అయినా చెప్పాల్సిందే.

ప్లేట్లు విడదీసేటప్పుడు పై నుంచి మొదటిది ఏది, చివరిది ఏది అని ఫొటో తీసుకోండి. డ్రమ్ము పళ్లకు అతుక్కున్న లైనింగ్ ప్లేట్లను ఎలాగూ లైనింగ్ మారుస్తాం కాబట్టి డ్రమ్ముతో సహా డీజిల్ తొట్టిలో రెండు మూడు రోజులు నానబెట్టొచ్చు. స్టీలు ప్లేట్లకు నిమ్మ ఉప్పు బాగా పనిచేస్తుంది. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, రాత్రి వేసి పొద్దున తీసి, వైరు బ్రష్‌తో రుద్ది, చాకలి సోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఎండబెట్టాలి. తడిగా వదిలేస్తే గంటలో పసుపు తుప్పు మళ్లీ లేస్తుంది. స్ప్రింగులను మాత్రం ఈ నీళ్లలో వేయొద్దు. గట్టి స్టీలును యాసిడ్ పెళుసు చేస్తుంది, బిగించాక ఎప్పుడో విరుగుతుంది. వాటికి కిరోసిన్, బ్రష్ చాలు. తుప్పు గుంటలు పడిన స్ప్రింగు అక్కడే చీలుతుంది. చదునైన బల్ల మీద అన్నింటినీ పక్కపక్కన నిలబెట్టి పొడుగు చూడండి, ఒకటి రెండు పొట్టిగా ఉంటే సెట్టు మొత్తం మార్చండి.

స్టీలు ప్లేటును మందపాటి అద్దం మీద పెట్టి అంచుల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) ఆడించండి. గిన్నెలా వంగిన ప్లేటు లివర్ ఎంత లాగినా పక్కదాన్ని వదలదు. నీలిరంగు మచ్చలున్న ప్లేటు బాగా కాలిందని అర్థం, అది దాదాపు ఎప్పుడూ వంగే ఉంటుంది. ఎంత వంపు వరకు ఓర్చుకోవచ్చో మీ మోడలు మాన్యువల్ చెప్పిన అంకెనే నమ్మండి. ముఖం మీద పైపై తుప్పు అయితే 80 నంబరు ఎమరీతో రుద్దితే పోతుంది. గోరు దిగేంత గుంటలుంటే ప్లేటు పారేయండి, అది కొత్త లైనింగ్‌ను ఆకురాయిలా గీకేస్తుంది.

ఇక అసలు చోటు పళ్లు. హబ్బు పంటి పక్కన గోరు పెట్టి పొడుగునా లాగండి. ప్లేటు ఆగే చోటల్లా మెట్టు తగిలితే ఆ మెట్టే మీ ముద్దాయి. పైపైన ఉంటే సన్నటి ఆకురాయితో అన్ని పళ్లనూ ఒకే లెక్కన సాపు చేయొచ్చు. నాలుగు పళ్లు ఎక్కువ, నాలుగు తక్కువ రాస్తే బరువంతా రాయని పళ్ల మీదే పడుతుంది. మెట్టు లోతుగా ఉంటే, ఎడమ కుడి డ్రమ్ములూ హబ్బులూ ఒకే పార్టు నంబరు అయిన బండ్లలో పక్కలు మార్చి వేయండి. పక్క మారితే భాగం తిరగబడుతుంది, ముందుకు నడిచేటప్పుడు బరువు పంటి రెండో వైపు పడుతుంది. రివర్సులోనే వాడిన ఆ వైపు చాలావరకు కొత్తగానే ఉంటుంది. పాత పార్టులు దొరకని బండికి దీన్ని మించిన పొదుపు లేదు. లైనింగ్ ప్లేట్ల పళ్లు కత్తిలా సన్నబడి ఉంటే వాటికి లైనింగ్ వేయించడం దండగ.

లైనింగ్ పనికి విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లినా నష్టం లేదు. పాత లైనింగ్ మందం, బయటి కొలత, లోపలి కొలత రాసి ఇవ్వండి. ఆస్‌బెస్టాస్ లేని రకమే అడగండి. రివిట్ తల లైనింగ్ ముఖానికి లోపలికి దిగి ఉండాలి. వచ్చాక ప్లేట్లన్నీ పేర్చి దొంతర మొత్తం ఎత్తు కొలిచి మాన్యువల్‌తో సరిచూడండి. ఎత్తు తగ్గితే స్ప్రింగు నొక్కు చాలక జారుతుంది, పెరిగితే విడవదు. తగ్గిందని అదనంగా ఒక స్టీలు ప్లేటు దూర్చడం తప్పుడు వైద్యం.

ఈ దశలోనే బెవెల్ గేరు పక్క సీలు, ఫైనల్ డ్రైవ్ (స్ప్రాకెట్‌ను తిప్పే చివరి గేర్లు) పినియన్ సీలు రెండూ మార్చేయండి. క్లచ్ బిగించే ముందు బెవెల్ గేరు గదిలో ఆయిల్ పోసి రాత్రంతా వదిలి, పొద్దున క్లచ్ గది పొడిగా ఉందో లేదో చూసుకోండి. షాఫ్టు మీద పాత సీలు కోసిన గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది, లేత్ మీద స్లీవ్ తొడిగించాలి. రిలీజ్ బేరింగ్ గరగరమంటే కొత్తది వేయండి. స్లీవ్ మీద గ్రీజు పల్చటి పొర చాలు. ఎక్కువ పెడితే తిరిగే వేగానికి చిమ్మి లైనింగ్ మీదే పడుతుంది. ప్లేట్ల పళ్లకు గ్రీజు అసలు వద్దు, గ్రాఫైట్ పొడి చేత్తో రుద్దితే చాలు. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి, లాక్ వాషర్లు కొత్తవే వేయాలి.

అడ్జస్ట్‌మెంట్‌లో ఒక్క సంగతి గుర్తుంచుకోండి. లివర్ పై చివర కొంత ఖాళీ ఆట ఉండి తీరాలి. చాలా పాత బండ్లలో అది 2 నుంచి 3 అంగుళాలు, మీ మోడలు అంకె మాన్యువల్‌లో చూడండి. లైనింగ్ అరిగే కొద్దీ ఈ ఆట పెరగదు, తగ్గుతుంది. ఆట సున్నా అయితే బేరింగ్ ఎప్పుడూ ఒరుసుకుని మాడుతుంది, క్లచ్ సగం విడిచినట్టే ఉండి జారుతుంది. కొత్త లైనింగ్ మొదటి రోజుల్లో త్వరగా కూర్చుంటుంది కాబట్టి 10 గంటల పనికి ఒకసారి, 50 గంటలకు ఒకసారి చూసుకోండి. మొదటి రోజు బ్లేడు నిండా మన్ను పెట్టి మలుపులు తిప్పొద్దు. బ్రేకు, క్లచ్ పూర్తిగా విడిచాకే పట్టేలా పెట్టుకోవాలి.

వచ్చే జూన్‌లో బండి నిలబెట్టేటప్పుడు రెండు లివర్లనూ లాగి కట్టేయండి. నొక్కుడు లేని ప్లేట్లు అంత గట్టిగా అతుక్కోవు, స్ప్రింగులకు కూడా ఏమీ కాదు. డ్రెయిన్ ప్లగ్ ఉన్న బండయితే నిలబెట్టినప్పుడు తీసి ఉంచండి, బురదలో దిగేటప్పుడు బిగించండి. లివర్ సందులకు పాత ట్రాక్టర్ ట్యూబు కోసి తొడుగులు కట్టండి. టార్పాలిన్ బండికి అంటుకునేలా కప్పితే లోపల ఆవిరి పడుతుంది, కింద గాలి ఆడేలా కర్రల మీద ఎత్తి కట్టండి. పది పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ నడిపి, ఒక్కో లివర్‌ను బ్రేకుతో కలిపి లాగి, మళ్లీ కట్టేయాలి. నీళ్ల పంపుతో కడిగేటప్పుడు లివర్ సందుల వైపు కొట్టనివ్వకండి. వరద నీట మునిగిన బండికి ఇవేవీ చాలవు. నీరు తీసిన వెంటనే క్లచ్ గదులతో పాటు బెవెల్ గేరు, ఫైనల్ డ్రైవ్ ఆయిల్ కూడా వంపి చూడాలి, పాలలా తెల్లగా వస్తే అదంతా మార్చాల్సిందే.

మూడో ప్రశ్నకి జవాబు: కుదరదు. ఈ బండికి చక్రాల ట్రాక్టర్‌లా డిఫరెన్షియల్ లేదు, బెవెల్ షాఫ్టు రెండు పక్కలకీ ఒకటే కడ్డీ. క్లచ్ విడవకుండా ఎడమ బ్రేకు తొక్కితే ఎడమ చైను ఒక్కటే ఆగదు, బండి మొత్తం ఆగుతుంది, లేదా బ్రేకు పట్టీ కాలిపోతుంది. కొందరు డ్రైవర్లు విడిచే పక్కకే తిప్పుతూ గుండ్రంగా చుట్టి పని కానిస్తుంటారు. మీ బండికి ఆ దారి కూడా లేదు, రెండు పక్కలా విడవడం లేదు కదా. చెరువు గట్టు మీద అయితే ఇంకా ప్రమాదం. వాలులో దిగేటప్పుడు బరువు బండిని తోస్తున్నప్పుడు ఎడమ లివర్ లాగి బ్రేకు వేయకపోతే ఎడమ చైను వేగం పుంజుకుని బండి కుడికి తిరుగుతుంది. క్లచ్ ఒకసారి విడిచి ఒకసారి విడవని బండితో గట్టు దిగితే డ్రైవర్ ఏ పక్కకు తిప్పాడో, బండి ఏ పక్కకు పోతుందో లెక్క తప్పుతుంది. రెండు క్లచ్‌లూ సమనేల మీద శుభ్రంగా విడిచేదాకా దాన్ని గట్టు ఎక్కించకండి.